వసీలా వినికిడి పాఠం

సూస్ పట్టణంలో సముద్రం ఒడ్డు రోడ్డు మీద డాక్టర్ రవూఫ్ గారి పళ్ళ క్లినిక్ ఉంది. అక్కడ ఫోనెత్తేదీ, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేదీ, ఎవరు ఏ పూట రావాలో చెప్పేదీ వసీలా. యాభై దాటబోతున్న మనిషి. ఫ్రెంచి మంచినీళ్ళ ప్రాయంగా మాట్లాడుతుంది. ఇటాలియన్ చిన్నప్పుడు టీవీ చూసి పట్టింది. పక్క దేశం లిబియా నుంచి ఎవరైనా వస్తే వాళ్ళ యాసలోనే పలకరించి నవ్విస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ చూపు పక్కకి తిప్పేది కాదు. తమ బాధ ఇంత శ్రద్ధగా విన్న మనిషి మరొకరు లేరనుకుంటూ వెళ్ళేవాళ్ళు జనం.

ఈమధ్య పళ్ళు కట్టించుకోడానికి ఇంగ్లండు నుంచీ ఐర్లండు నుంచీ మనుషులు రావడం మొదలైంది. వారం పదిరోజులు హోటల్లో దిగడం, పొద్దున పళ్ళ పని, మధ్యాహ్నం సముద్రస్నానం. ఒకరోజు డాక్టరు ఆమెని లోపలికి పిలిచాడు.

"మదామ్ వసీలా, ఇంక ఫ్రెంచితో బండి నడవదు. ఊళ్ళో సాయంత్రం ఇంగ్లీషు క్లాసులున్నాయట. ఫీజు నేను కడతాను. పరీక్ష పాసవడం మటుకు మీ వంతు."

"ఏమన్నారు, దొక్తూర్?" అంది వసీలా. ఆయన మూతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. విసుగ్గా దాన్ని గడ్డం కిందికి లాగి అదే మాట మళ్ళీ చెప్పాడు. డాక్టరు మంచివాడే గానీ మాట నోట్లోనే నములుతాడని వసీలాకి ఎప్పట్నుంచో ఫిర్యాదు.

క్లాసు ఒక మందుల షాపు మీది మేడగదిలో జరిగేది. హోటళ్ళలో పనిచేసే కుర్రాళ్ళూ, ఆడపిల్లలూ ఎక్కువ. పాఠం చెప్పే ఇబ్తిహాల్ కూడా చిన్నదే, పెళ్ళి కాని పిల్ల. వసీలాకి చదవడం సులువుగా వచ్చింది, రాయడం ఇంకా సులువుగా వచ్చింది. మొదటి నెలలో ఆమె కాగితాలు చూసి మిగతావాళ్ళు ఆశ్చర్యపోయారు. చిక్కంతా వినికిడి పాఠాలతోనే వచ్చింది.

ఆ పాఠాల్లో పెద్ద సంగతులేమీ ఉండవు. ఇద్దరు మనుషులు ఎక్కడో ఓచోట నిలబడి మామూలు మాటలు మాట్లాడుకుంటారు. కొట్లో, బస్టాపులో, పోస్టాఫీసులో. పక్కింటావిడ పిల్లి తప్పిపోయిందని ఒకరూ, తాను చూడలేదని ఇంకొకరూ. రికార్డు రెండుసార్లు వేస్తారు. తర్వాత ప్రశ్నలు. పిల్లి ఏ రంగుది, ఆవిడ ఎప్పుడు తిరిగొస్తానంది, ఇలాంటివి.

ఒక సాయంత్రం ఇబ్తిహాల్ రికార్డు వేసి, "మదామ్ వసీలా, ఆవిడ ఏం అడిగింది?" అంది.

వసీలాకి అది ఇద్దరు ఆడవాళ్ళ గొంతులని తెలుసు. వాళ్ళు తొందరలో ఉన్నారనీ తెలుసు. మాటలు మాత్రం చివర్లు కొరికేసినట్టు వచ్చాయి. కాసేపు ఆలోచించి, "చికెన్ అడిగింది" అంది.

వెనక వరసలో అనీస్ అని ఒకడుండేవాడు, హోటల్లో ఈతకొలను దగ్గర శీతల పానీయాలు అందించే కుర్రాడు. వాడు బల్ల మీద పడి నవ్వాడు. "అది రైల్వే స్టేషను, మదామ్! టికెట్ అడిగింది. లండన్ దాకా ఒక చికెన్ ఇమ్మంటుందా?"

క్లాసంతా నవ్వింది. వసీలా కూడా నవ్వింది. ఇంటికెళ్ళే దారిలో మాత్రం నవ్వు రాలేదు.

ఆమె భర్త హేదీ బస్సు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. పొద్దున్నే గాలం పట్టుకుని రేవుకి వెళ్ళడం, మధ్యాహ్నానికి చేపలు లేకుండా తిరిగి రావడం అతని దినచర్య. భార్యకి పరీక్ష అనగానే హుషారొచ్చింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు గానీ సాయం చేస్తానన్నాడు. ఫోన్లో రికార్డు వేసి చూశారు. వసీలాకి సగం కూడా అందలేదు. శబ్దం పెంచితే గోల పెరిగింది తప్ప మాట తేలలేదు.

"ఆపవతల. పుస్తకం వెనకాల వీళ్ళ మాటలు అచ్చేశారుగా, నేనే చదువుతా" అన్నాడు హేదీ. కళ్ళజోడు పెట్టుకుని ఆమె ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. "నేను మందుల షాపువాణ్ణి. ముందు నేను దగ్గుతా. ఇక్కడ దగ్గు అని రాయలేదు గానీ, షాపులో ఎవరో ఒకరు దగ్గుతారు కదా."

"నువ్వు షాపువాడివైతే దగ్గేది నేను."

"సరే, నువ్వే దగ్గు."

ఇంగ్లీషు ముక్కలన్నీ ఫ్రెంచి అక్షరాల లెక్కన, ఒక్కటీ వదలకుండా పళ్ళు బిగించి చదివాడు హేదీ. ఏ ఇంగ్లీషువాడు విన్నా ఏ దేశపు భాషోనని అడిగేవాడే. వసీలాకి మాత్రం అంతా అర్థమైంది. దగ్గు మందు సీసా, భోజనం తర్వాత రెండు చెంచాలు, పిల్లలకి అందకుండా పెట్టాలి. ప్రశ్నలన్నిటికీ సరిగ్గా చెప్పింది.

"చూశావా! నీ ఇంగ్లీషు బాగానే ఉంది. ఆ రికార్డులో వాళ్ళకే సరిగ్గా మాట్లాడ్డం రాదు" అని తేల్చాడు హేదీ. వసీలాకీ అదే నిజమనిపించింది. పది రోజులపాటు అలాగే సాధన చేశారు. హేదీ రైలు గుమాస్తా అయ్యాడు, ఇల్లు అద్దెకిచ్చే ముసలమ్మ అయ్యాడు. తప్పిపోయిన పిల్లి కోసం ఏడ్చాడు కూడా. క్లాసులో ఆమె మార్కులు మటుకు అంగుళం కదల్లేదు.

ఇబ్తిహాల్‌కి మొదట కోపం వచ్చింది. ఇంటి దగ్గర వినడం లేదనుకుంది. తర్వాత ఒక సంగతి గమనించింది. రికార్డులో మగగొంతులైతే వసీలాకి కొంత అందుతోంది, ఆడగొంతులైతే ఏమీ అందడం లేదు. ఒకరోజు ఆ అమ్మాయికి జలుబు చేసి మూతికి గుడ్డ కట్టుకొచ్చింది. రికార్డు మొరాయిస్తే తనే పైకి చదివింది. అంతకు ముందు వారం దాకా ఆమె నోటివెంట వచ్చిన ప్రతి మాటా పట్టుకున్న వసీలా, ఆరోజు రికార్డు ముందు కూర్చున్నట్టే బిక్కమొహం వేసింది.

క్లాసయ్యాక ఇబ్తిహాల్ ఆమెని ఆగమంది. ఇంకొక్క అభ్యాసం చేద్దామని చెప్పి కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ వైపు చూస్తుండమంది. తను నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. ఇంగ్లీషులో కాదు, తమ ఊరి మాటల్లోనే అంది: "మదామ్ వసీలా, మీ శాలువా చాలా బావుంది. ఎక్కడ కొన్నారు?"

వసీలా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కింద రోడ్డు మీద ఒకతను పండ్ల బండి తోసుకెళ్తున్నాడు. కాసేపటికి మెడ తిప్పి, "మొదలుపెట్టమ్మా, ఇంటికెళ్ళాలి" అంది.

"మొదలుపెట్టాను, మదామ్. అయిపోయింది కూడా."

"ఏమయిపోయింది?"

ఇబ్తిహాల్ ఎదురుగా వచ్చి కూర్చుంది. గుడ్డ తీసేసి, నెమ్మదిగా చెప్పింది. "మీకు ఇంగ్లీషు వచ్చు. వినడమే సరిగ్గా లేదు. మీరు చెవితో వినడం లేదు, నా పెదాలు చూసి వింటున్నారు. ఒక్కసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి."

వసీలా మొహం ఎర్రబడింది. "నాకు చెవుడంటావా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లు మాట్లాడే ఉద్యోగం నాది! పాఠం చెప్పడం చేతకాక నా చెవుల మీద పెడతావేం?" అని సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది. ఇంటికెళ్ళి హేదీతో, ఆ పిల్లకి పెద్దా చిన్నా లేదని చెప్పింది. ఆ తర్వాత క్లాసుకి వెళ్ళడం మానేసింది. డాక్టరు అడిగితే వెళ్తున్నానంది.

ఆ రోజుల్లోనే ఐర్లండు నుంచి ఒకావిడ ఫోను చేసింది. రెండు పళ్ళు పీకించుకుని కొత్తవి కట్టించుకోవాలి. వసీలా నేర్చుకున్న ప్రశ్నలన్నీ వరసగా అడిగింది. పేరు, వయసు, బీపీ ఉందా, షుగరుందా. ఫోనులో ఊళ్ళోవాళ్ళు మాట్లాడితే ఆమెకి ఇబ్బంది లేదు. వాళ్ళేం అడుగుతారో ముందే తెలుసు, సగం వింటే మిగతా సగం తనే పూరించుకోగలదు. చివరగా పెన్సిలిన్ పడుతుందా అని అడిగింది. అవతలావిడ జవాబు చెప్పింది. వసీలాకి 'వేసుకోగలను' అన్నట్టు వినిపించింది. అలాగే కార్డు మీద రాసింది. ఆవిడన్నది 'వేసుకోలేను' అని. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకీ తేడా చివర పలికే చిన్న టకారం.

ఆవిడ వచ్చి కుర్చీలో పడుకుంది. డాక్టరు రవూఫ్ జాగ్రత్త మనిషి, కార్డు మీద ఏం రాసున్నా ఇంజెక్షను ముందు మరోసారి అడుగుతాడు. అడిగాడు. ఆవిడ గభాల్న లేచి కూర్చుంది. చిన్నప్పుడోసారి అది పడక, గొంతు మూసుకుపోయి ఆసుపత్రిలో ఉన్నానంటూ చేతులు ఊపుతూ చెప్పింది. డాక్టరు మందు మార్చాడు. ఏ ప్రమాదమూ జరగలేదు. పని ముగించి, ఆవిడని హోటలుకి పంపించాక వసీలాని పిలిచి కార్డు చూపించాడు. కేకలేమీ వేయలేదు.

"ఫర్వాలేదు, కొత్త భాష కదా. కానీ ఇంకా బాగా నేర్చుకోవాలి, మదామ్."

వసీలా తలూపి బయటికి వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. ఫోను మోగుతుంటే కాసేపు ఎత్తలేదు. ఇంగ్లీషు రాలేదంటే లోకం క్షమిస్తుంది, డాక్టరు క్షమించాడు కూడా. కానీ ఆ రెండు మాటలూ ఆమెకి తెలుసు. మొదటి పాఠంలోనే నేర్చుకుంది. నిద్రలో లేపి అడిగినా తేడా చెప్పగలదు. తెలియని మాట కాదు, చెవిదాకా రాని మాట అది. ఆవిడకి ఆ ఇంజెక్షను ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు హేదీకి చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి తొడుగులు పెట్టారు. శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. వసీలా చకచకా నొక్కింది. పరీక్ష చేస్తున్న అమ్మాయి కొంచెంసేపటికి బయటికి వచ్చి, ఆమె కుర్చీని గోడ వైపు తిప్పింది.

"ఎందుకమ్మా?"

"మీరు నా చెయ్యి కదలడం చూసి నొక్కుతున్నారు, అమ్మమ్మా."

తను అలా చేస్తున్నట్టు వసీలాకి తెలియదు. గోడ వైపు తిరిగాక మీట నొక్కే పని చాలా తగ్గిపోయింది. గీసిచ్చిన బొమ్మలో గీత కొంతదూరం బల్లపరుపుగా వెళ్ళి, తర్వాత మెట్ల మీంచి జారినట్టు కిందికి పడింది. సన్నటి శబ్దాలు పోయాయని చెప్పాడు డాక్టరు. సకారం, షకారం, టకారం, ఆడవాళ్ళ గొంతులు, పక్షుల అరుపులు. ఒక్కరోజులో పోయినవి కావు, ఐదారేళ్ళుగా మెల్లగా పోతూ వచ్చాయన్నాడు. అమ్మమ్మా అనిపించుకున్నందుకు ఆమెకి అంతకంటే ఎక్కువ బాధ కలిగింది.

డాక్టరు రాసిచ్చిన వినికిడి యంత్రాలు వచ్చాక వాటిని చెవుల్లో పెట్టుకుని వీధిలోకి నడిచింది. మొదటి వారం నరకమే. రొట్టె చుట్టిన కాగితం చెవి పక్కన నిప్పంటుకున్నట్టు చిటపటలాడింది. వంటింట్లో ఫ్రిజ్జు మూలుగుతోందని అప్పుడే తెలిసింది. తన చెప్పుల చప్పుడు తనకే చిరాకు తెప్పించింది. యంత్రాలని రెండుసార్లు తీసి డబ్బాలో పెట్టేసి, మళ్ళీ పెట్టుకుంది.

హేదీకి అప్పుడు చెప్పింది. అతను యంత్రాలని కళ్ళజోడు పెట్టుకుని పరీక్షగా చూసి, "రొయ్య పిల్లల్లా ఉన్నాయి" అన్నాడు.

శుక్రవారం హేదీ వంటింట్లో గాలం దారం కడుక్కుంటున్నాడు. ఆ తొట్టిలో చేపల వాసన పట్టించొద్దని వసీలా వెనకనుంచి చెప్పింది. "సరే" అన్నాడు. ఆ వెంటనే అటు తిరిగే ఉండి, ఎప్పటిలా లోగొంతుతో మొదలుపెట్టాడు. "చిత్తం, మహారాణీ. తమ ఇష్టం. నేనెవర్ని ఈ ఇంట్లో, అద్దెకున్నవాణ్ణి."

"అద్దె ఎప్పుడైనా కట్టావా?" అంది వసీలా.

హేదీ చేతిలో దారం తొట్టిలో పడింది. మెల్లగా ఇటు తిరిగాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావీ పని?" అంది ఆమె.

"ఏ పని?"

"నా వెనకాల గొణగడం."

"నీ వెనకాల కాదే, నీ ముందే. నువ్వు పలకవు. పట్టించుకోవట్లేదనుకున్నా. అలవాటైపోయింది."

తన గురించి ఇన్నేళ్ళుగా ఏమేం అని ఉంటాడోనని వసీలాకి ఒళ్ళు మండింది. పొద్దువాలే వేళ బాల్కనీలో టీ కప్పులు పెట్టి, అతనే ముందు నోరు విప్పాడు.

"అన్నీ తిట్లు కావు."

"మరి?"

హేదీ వీధివైపు చూస్తూ మాట్లాడాడు. "నాకు కిడ్నీలో రాయి ఆపరేషన్ అయింది చూడు. ఆసుపత్రికి బయల్దేరే పొద్దున నువ్వు నా బట్టలు సంచిలో సర్దుతున్నావు. అటు తిరిగున్నావు. నాకు భయంగా ఉంది వసీలా అన్నా. మళ్ళీ లేస్తానో లేదో అన్నా. నువ్వు సంచీ జిప్పు లాగి, చెప్పులు కూడా పెట్టాను అన్నావు."

వసీలా కప్పు కింద పెట్టింది.

"ఏం గుండెరా దీనిది అనుకున్నా. తర్వాత నీకెప్పుడూ ఏదీ పైకి చెప్పలేదు. గొణుక్కోవడం అప్పట్నుంచే."

వసీలాకి ఆ పొద్దు గుర్తుంది. సంచీ గుర్తుంది, చెప్పులు గుర్తున్నాయి. ఆ మాట గుర్తు లేదు. చెవిన పడని మాట గుర్తుండే వీలెక్కడిది? నేను వినలేదు అని చెప్పడానికి నోరు తెరిచింది గానీ, అతనికిప్పుడు అది తెలుసు. మళ్ళీ చెప్పి ప్రయోజనం లేదనిపించింది. కుర్చీ అతని ఎదురుగా తిప్పుకుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు" అంది.

"ఇప్పుడేం చెప్పను? రాయి పోయి నాలుగేళ్ళయింది." టీ చల్లారిందని లేచి లోపలికి వెళ్ళాడు. వేడి చేసి తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత గొణుగుడు ఆగిపోలేదు గానీ తగ్గింది. ఏదైనా అనాలనిపిస్తే ఆమెని పిలిచి, ఇటు తిరిగాకే అనేవాడు.

డాక్టరు రవూఫ్‌కి కూడా వసీలా తనంతట తానే చెప్పింది. ఐర్లండు ఆవిడ విషయంలో జరిగింది ఇంగ్లీషు లోపం కాదని, చెవి లోపమని. ఫోను పని తీసేస్తానంటే ఒప్పుకోడానికి సిద్ధపడే వెళ్ళింది.

"ఎన్నాళ్ళుగా?"

"తెలీదు, దొక్తూర్. మూతికి గుడ్డ కట్టుకుని మీరే గొణుగుతారనుకునేదాన్ని."

"గొణుగుతాను. అది వేరే సంగతి" అన్నాడాయన. కొన్నాళ్ళు ఫోను ఇంకొకరికి అప్పజెప్పాడు. మందుల ప్రశ్నలు ఇకనుంచి అందరినీ రాతపూర్వకంగా అడగాలని నియమం పెట్టాడు. ఆ మాట ముందే తట్టనందుకు తనని తానే కాసేపు తిట్టుకున్నాడు.

క్లాసుకి తిరిగి వెళ్ళిన రోజున వసీలా ఒక పొట్లం నిండా బాదం మిఠాయి పట్టుకెళ్ళి ఇబ్తిహాల్ బల్ల మీద పెట్టింది. "శాలువా పాత ఊళ్ళో, మన మెదీనా బజార్లో కొన్నాను. నీకు కావాలంటే చూపిస్తా" అంది. ఆ ప్రశ్న అడిగానని ఇబ్తిహాల్ ఎప్పుడూ చెప్పలేదు. ఎలా తెలిసిందంటే, వెనక వరస కుర్రాడు అనీస్ ఆరోజు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడట, తర్వాత క్లినిక్‌కి పన్ను చూపించుకోడానికి వచ్చినప్పుడు చెప్పేశాడట.

యంత్రాలు పెట్టుకుంటే ఇక పరీక్ష ఎంతలో పని అనుకుంది వసీలా. అలా జరగలేదు. మాటల చివర్లు ఇప్పుడు వినిపిస్తున్నాయి. వినిపించినవాటిలో చాలా మాటలు తనకి తెలియవని కూడా తెలిసింది. ఈమధ్య చెవి మీదికి నెట్టిన తప్పుల్లో కొన్ని నిజంగా ఇంగ్లీషువే. మొదటిసారి పరీక్ష తప్పింది. కొద్ది మార్కుల్లో పోయింది. హేదీ రికార్డువాళ్ళని తిట్టబోతే ఆపింది. "వాళ్ళ తప్పేం లేదు. నాకు రాలేదు, అంతే" అంది. ఆ మాట అనడం ఆమెకి ఎందుకో తేలిగ్గా అనిపించింది.

ఈసారి సాధనలో హేదీని చదవనివ్వలేదు. రికార్డే వేసేవాళ్ళు. ఆమె కళ్ళు మూసుకుని వినేది. హేదీ పక్కన కూర్చుని, అర్థం కాకపోయినా వినేవాడు. ఏ గొంతు మంచివాళ్ళది, ఏది గయ్యాళిది అని తీర్పులు చెప్పేవాడు. ఆమెకి విసుగొచ్చినప్పుడు ఆపేసి, సముద్రం ఒడ్డుకి నడిచి వచ్చేవాళ్ళు. అక్కడ కొత్తజంటలు, ఊరు చూడొచ్చినవాళ్ళు దాటిపోతుంటే, చెవిన పడ్డ ఇంగ్లీషు ముక్క ఏదైనా ఆమె హేదీకి చెప్పేది. ఒకావిడకి ఎండ పడలేదట. ఒకతను గది తాళం పోగొట్టుకున్నాడట. పరాయివాళ్ళ మాటలు వినడం తప్పు కాదా అని హేదీ ఒకసారి అడిగాడు. పరీక్ష కోసం కదా అంది.

రెండోసారి పరీక్షరోజున హేదీ ఆమెతో వచ్చి, ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో పాలకాఫీ చెప్పి కూర్చున్నాడు. ఆమె బయటికి వచ్చేసరికి రెండో కాఫీ కూడా అయిపోయింది. దూరం నుంచి ఏమీ అడగలేదు. ఆమె వచ్చి, కుర్చీ లాక్కుని, అతని ఎదురుగా కూర్చున్నాక అప్పుడు అడిగాడు.

"ఎలా రాశావు?"

"బాగానే రాశాననుకుంటా. ఒకటి రెండు పోతాయి."

"ఏం మాట్లాడుకున్నారు వాళ్ళు?"

"మొగుడూ పెళ్ళాం. సాయంత్రం భోజనానికి ఎక్కడికెళ్ళాలని. ఆవిడ చేపలన్నది. అతను వద్దన్నాడు, కిందటిసారి కడుపు పాడైందన్నాడు. ఆవిడ ఇంకో చోటు చెప్పింది. అక్కడ గోల ఎక్కువ, ఒకరి మాట ఒకరికి వినపడదన్నాడు."

"చివరికి ఎక్కడికెళ్ళారు?"

"తెలీదు. అక్కడితో ఆపేశారు."

"ఆపేస్తే ఎలా? ఆకలితో ఉండిపోయారా?" అని హేదీకి నిజంగానే కోపం వచ్చింది. కాఫీ కొట్టువాణ్ణి పిలిచి వసీలాకి కాఫీ చెప్పాడు. ఫలితాలు వారంలో వస్తాయంది ఆమె. వారం తర్వాత పాసైనట్టు తెలిసింది. ఆ సోమవారం డాక్టరు ఫోను మళ్ళీ ఆమె బల్ల మీద పెట్టించాడు.